లేడీస్ లైను

శనివారం మూడున్నరకే రాత్రి వంట మొదలుపెట్టే ఇల్లు అశోక్ నగర్ మొత్తంలో రాగిణిది ఒక్కటే అయి ఉంటుంది. గల్లీలో పోటీ పరీక్షల పిల్లలు మధ్యాహ్నం భోజనం కూడా అరగక టీ బండి చుట్టూ నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే, పై అంతస్తులో ఈమె రొట్టెలు కాలుస్తూ ఉంటుంది. నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో సర్టిఫికెట్లు ఇచ్చే కౌంటర్ దగ్గర ఆమె ఉద్యోగం. శనివారం ఒంటిపూట. రెండున్నరకు ఇల్లు చేరి, కొంగు దోపి, అత్తగారు యశోదమ్మకు రెండు జొన్నరొట్టెలు, ఐదేళ్ళ కూతురు అనూహ్యకు పెరుగన్నం, తిరిగొచ్చాక భర్తకు వేడిచేసి పెట్టడానికి కూరా పప్పూ, అన్నీ ఐదు గంటలకల్లా మూతల కిందికి చేర్చాలి. ఎందుకంటే భర్త నవీన్ ఆమెను సినిమాకు తీసుకెళ్తాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, పెళ్ళైన ఏడేళ్ళుగా, పరీక్షలకూ పండుగలకూ బందులకూ తప్ప, ప్రతి శనివారం తీసుకెళ్తాడు.

"గట్ల ముఖం ముడుచుకుంటవేంది బిడ్డా?" అంటుంది యశోదమ్మ, కూరగాయల పళ్ళెం ముందు కూర్చుని. "మొగుడు సినిమాకు తీస్కపోతుంటే ముఖం ఎట్లుండాలె! మా కాలంల సినిమా పేరెత్తితే చెంప వగిలేది."

కింది వాటాలో ఉండే ఆమె అయితే మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా నిట్టూరుస్తుంది. "పెట్టి పుట్టినవ్ రాగిణీ. మా ఆయనకు టీవీ ముందలికెళ్ళి లేపితే కోపం." రాగిణి నవ్వి ఊరుకునేది. ఏమని చెప్తుంది? సినిమాకు తీసుకెళ్ళని మొగుడి మీద ఫిర్యాదు చేయడానికి మాటలు బోలెడున్నాయి, వినడానికి మనుషులు కూడా ఉన్నారు. తీసుకెళ్ళే మొగుడి మీద ఫిర్యాదు చేయడానికి ఇంతవరకు ఎవరూ మాటలు తయారుచేసి పెట్టలేదు. ఒకసారి తల్లితో ఫోన్లో అనబోతే, "సుఖం ఎక్కువైతే గిట్లనే ఉంటది" అని ఆమె పెట్టేసింది.

పెళ్ళిచూపుల్లో నవీన్ ఆమెను అడిగిన ప్రశ్న కూడా ఒకటే. "సినిమాలు చూస్తరా?" అన్నాడు. వంట వచ్చా, సర్దుకుపోతావా, ఉద్యోగం మానేస్తావా అని అప్పటికి ముగ్గురు పెళ్ళికొడుకులు అడిగి వెళ్ళారు. ఈయన సినిమాల గురించి అడిగాడు. ఆ రాత్రి రాగిణి ఎంత సంతోషపడిందో చెప్పలేం. మనసున్న మనిషి దొరికాడనుకుంది. అది ఉద్యోగానికి ఇంటర్వ్యూ అని తెలియడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది.

ఉద్యోగం ఏమిటో చెప్పాలి. క్రాస్ రోడ్స్ సినిమా హాళ్ళ దగ్గర మగవాళ్ళ లైనూ ఆడవాళ్ళ లైనూ వేరువేరుగా ఉంటాయి. మగవాళ్ళది ఇనుప కటకటాల మధ్య మెలికలు తిరిగి, గేటు దాటి, ఒక్కోసారి ఇరానీ హోటల్ దాకా పోతుంది. ఆడవాళ్ళ లైనులో పదిహేను మందో ఇరవై మందో. మనిషికి నాలుగు టికెట్లు ఇస్తారు. పెళ్ళైన మొదటి శనివారం స్కూటరు గేటు దగ్గర ఆపి, "నువ్వు జర గా లైన్ల నిలవడి నాలుగు టికెట్లు తీస్కో, నేను బండి పెట్టొస్త" అన్నాడు నవీన్. కొత్త పట్టుచీర, చేతినిండా గాజులు, ముందూ వెనకా తోపులాట. నాలుగు టికెట్లు తీసుకుని బయటికి వచ్చేసరికి బండి పెట్టడం సరిగ్గా అప్పుడే అయిపోయింది. పక్కన బ్యాంకులో అతనితో పనిచేసే దోస్తులిద్దరు. లైను ఎంత పొడుగ్గా ఉంటే బండి పెట్టడానికి అంతసేపు పడుతుందని గమనించడానికి ఆమెకు ఏడాది పట్టింది. మొదట్లో, పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు ఈ దోస్తులు ఎందుకబ్బా అనుకునేది. ఆ పెళ్ళి వాళ్ళ ముగ్గురిదీ, చంకలో ఉన్నది తనూ అని తర్వాత తెలిసింది.

అనూహ్య కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలలో ఇక రాలేనంది. "నువ్వు రాకుంటే ఎట్ల?" అన్నాడు నవీన్, నిజంగా దిగులుపడిపోయి. "నువ్వు లేకుంటే నాకు సినిమా చూసినట్టే ఉండదు." ఆ మాటకు కరిగిపోయింది. కాళ్ళ వాపులు చూసుకుని కూడా చీర కట్టుకుంది. గేటు దగ్గర దింపుతూ అతను ఎంతో ప్రేమగా చెప్పాడు. "ఫికర్ చెయ్యకు, కడుపుతోని ఉన్నోళ్ళను ముందుకు పంపిస్తరు." నిజమే, పంపించారు. ఆ రోజు టికెట్లు పది నిమిషాల్లో వచ్చాయి. దోస్తుల్లో ఒకడు ఇంటర్వెల్‌లో సమోసా నములుతూ, "అరె భయ్, షాదీ చేసుకోవాల్నంటే గిందుకు చేసుకోవాలె. టికెట్ పరేషాన్ ఉండదు" అన్నాడు. అందరూ నవ్వారు. రాగిణి కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఇంట్లో గిన్నెలు కడుగుతున్నప్పుడు గుర్తొచ్చి, ఎందుకు నవ్వానా అని తన మీద తనకే కోపం వచ్చింది.

లైనుతో అయిపోతే బాగానే ఉండేది. ఇంటర్వెల్‌లో ముగ్గురు మగవాళ్ళు బయటికి పోతే సీట్లకు కాపలా ఆమెది. వాళ్ళు తెచ్చిచ్చే సమోసా చేతికి వచ్చేసరికి చల్లారి ఉండేది. ఇక చివరి పది నిమిషాలు ఎప్పుడూ చూసింది లేదు. ఆట వదిలాక స్కూటర్ల స్టాండు దగ్గర తొక్కిసలాట అవుతుందని, విలన్ పని అయిపోయే సూచన కనిపించగానే నవీన్ లేచేవాడు. "ఇగ ఉన్నదేంది, అందరు కలుస్తరు, నడువ్" అని చీకట్లో ఆమె మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయేవాడు. ఇంటికొచ్చి అన్నం వేడిచేస్తుంటే యశోదమ్మ పీట జరుపుకుని కూర్చునేది. కథ చెప్పాలి. ఇంట్లో ఉండి పిల్లను చూసుకున్నందుకు ఆమెకు అది ముట్టాలి. రాగిణి చెప్పుకుంటూ చెప్పుకుంటూ చివరికొచ్చి ఆగిపోయేది.

"మల్ల ఆ పిల్ల ఏమాయె?"

"ఏమైతది అత్తమ్మా, మంచిగనే ఉంది."

"గిదేం కథనో, తోకలేని కథ" అని విసుక్కుంటూ లేచేది ముసలావిడ.

కొన్ని ఆదివారాలు చిక్కడపల్లి గానసభలో పాత పాటల కార్యక్రమాలుండేవి. అక్కడ టికెట్టు లేదు, కాబట్టి లైనూ లేదు. అయితే రాగిణికి సెలవు దొరికిందనుకుంటే పొరపాటు. "నువ్వు జల్ది పోయి ముందు వరసల నాలుగు కుర్చీలు పట్టు" అనేవాడు నవీన్. బస్సు కిటికీలోంచి సీటు మీదికి కర్చీఫు విసిరినట్టు ఐదింటికల్లా ఆమెను హాల్లో దింపేవాడు. ఆమె ఒక కుర్చీలో తను కూర్చుని, మిగతా మూడింటి మీద హ్యాండ్‌బ్యాగూ, గొడుగూ, నీళ్ళ సీసా పెట్టి, వచ్చినవాళ్ళందరితో "ఉన్నరండీ, వస్తరండీ" అని మాటలు పడేది. జ్యోతి ప్రజ్వలన ఆమె చూసేది. శాలువాలు కప్పడం ఆమె చూసేది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, అందరి ప్రసంగాలూ ఆమె వినేది. సరిగ్గా మొదటి పాట ఎత్తుకునే వేళకు నవీనూ దోస్తులూ వచ్చేవాళ్ళు. దోస్తు వెంట వాళ్ళ బావమరిది కూడా వచ్చిన రోజున ఆమె లేచి వెనక ఆడవాళ్ళ వరసలోకి వెళ్ళి కూర్చునేది. వారమంతా కాలేజీలో కౌంటర్ ఇవతల కూర్చుని లైనును చూడటం, వారాంతం లైనులో నిలబడి కౌంటర్‌ను చూడటం. ఆమెకు పెద్ద కోరికలేమీ లేవు. ఒక్క శనివారం సాయంత్రం తనకు కావాలి. ఊరికే. ఏమీ చేయకుండా. ఆ మాట పైకి అనడానికి మాత్రం దారి కనిపించేది కాదు, ఎందుకంటే శనివారం సాయంత్రం ఆమె సుఖపడుతున్నట్టు ఇంట్లో వాళ్ళూ వీధిలో వాళ్ళూ ఎప్పుడో తీర్మానించేశారు.

రెండు వేల పదకొండు వానాకాలంలో ఒక శనివారం. లైనులో రాగిణి ముందు యాభై ఐదేళ్ళావిడ నిలబడి ఉంది. నూలుచీర, కాళ్ళకు రబ్బరు చెప్పులు, చేతిలో గొడుగు. కౌంటర్ దగ్గరికి వెళ్ళి, "ఒకటివ్వు నాయనా" అంది. లోపలి మనిషికి అర్థం కాలేదు. "ఎన్ని?" అన్నాడు మళ్ళీ. "ఒకటయ్యా. ఒకటంటే తెలీదూ?" ఆవిడ టికెట్టు చూసుకుంటూ పక్కకు జరిగితే రాగిణి నోరు ఆగక అడిగేసింది.

"ఒక్కటి ఎవరికమ్మా?"

"ఎవరికేంటమ్మాయ్, నాకే."

ఆవిడ పేరు బాలత్రిపురసుందరి. రాజమండ్రి దగ్గరి మనుషులు. టెలిఫోన్ల ఆఫీసులో పనిచేసి ముందుగానే రిటైరయింది. చిక్కడపల్లిలో ముప్ఫై ఏళ్ళుగా కాపురం. భర్త వీరరాఘవరావు గారు ఇంట్లో వార్తలు చూస్తుంటారట. "ఆయన వార్తలు చూస్తారు, నేను సినిమా చూస్తాను. మధ్యలో పేచీ ఏవుంది?" అంది ఆవిడ, దానిలో వింతేమీ లేనట్టు. రాగిణికి మాత్రం వింతగానే ఉంది. ఆడమనిషి ఒక్కతీ సినిమాకు రావడం కన్నా, వచ్చి దాని గురించి సంజాయిషీ చెప్పకపోవడం వింతగా ఉంది.

తర్వాత రెండేళ్ళు వాళ్ళ స్నేహమంతా లైనులోనే. వారానికి అరగంట, మహా అయితే ముప్పావుగంట. ఊళ్ళో ఒకరంటే ఒకరికి పడని రోజులవి. ఒక వారం బందు, ఒక వారం ర్యాలీ, ఆఫీసుల్లో టేబుళ్ళు కూడా ఆంధ్రా తెలంగాణ అని విడిపోయాయి. ఆడవాళ్ళ లైనులో మాత్రం తొక్కేది ఎవరి కాలైనా నొప్పి ఒకటే. సుందరి ఆమెను "అమ్మాయ్" అనేది, రాగిణి "అక్కా" అనేది. రాగిణి ఏ సినిమా చివరా చూడదని తెలిసి సుందరి ముక్కున వేలేసుకుంది. "చివర చూడకపోవడవేంటే! భోజనానికి కూర్చుని పెరుగు దగ్గర లేచిపోతారా?" అని, అప్పట్నుంచి పోయిన వారం సినిమా చివర ఈ వారం లైనులో చెప్పేది. చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ, ముందున్న వాళ్ళు కూడా వెనక్కి తిరిగి వినేలా చెప్పేది. రాగిణి దాన్ని భద్రంగా ఇంటికి పట్టుకుపోయి అత్తగారికి అప్పజెప్పేది. సినిమా కన్నా ఆ అరగంట బాగుంటుందని ఆమెకు ఎప్పుడో అర్థమైంది.

ఒకసారి సుందరి అడిగింది కూడా. "నీకసలు సినిమాలంటే ఇష్టవేనా అమ్మాయ్?"

రాగిణి చాలాసేపు ఆలోచించింది. లైను మూడడుగులు జరిగింది. "ఏమో అక్కా. ఇష్టమా కాదా అని చూసుకునే టైం దొరకలే" అంది.

రెండు వేల పదమూడు ఎండాకాలంలో నవీన్ కొత్త ఫోను కొన్నాడు. టచ్ చేస్తే చాలు, హాలు బొమ్మ కనిపిస్తుంది, సీట్లు కనిపిస్తాయి, ఆకుపచ్చవి ఖాళీ. బ్యాంకులో దోస్తులు నేర్పించారు. ఒక శుక్రవారం సాయంత్రం సోఫాలో కూర్చుని వేలితో పొడుస్తూ పొడుస్తూ, లాటరీ తగిలిన మనిషిలా ఒక్క కేక పెట్టాడు.

"అయిపోయింది! రేపు ఫస్ట్ షోకు బుక్ చేసిన. మూడు టికెట్లు."

రాగిణి గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "మూడా?"

"మేం ముగ్గురం గదా." ఆమె ముఖం చూసి, చాలా దయగా అన్నాడు. "ఇగ నీకు ఆ లైన్ల నిలవడే తిప్పలు లేదు రాగిణీ. ఎన్నేండ్లు నిలవడ్డవ్ పాపం. రేపటి సంది ఇంట్ల మంచిగ ఆరాం చెయ్."

అతను అబద్ధం ఆడలేదు. ఎత్తిపొడవలేదు. ఆమెకు మేలు చేశానని మనస్ఫూర్తిగా అనుకున్నాడు. నువ్వు లేకుంటే సినిమా చూసినట్టే ఉండదన్న మాట కూడా ఆ రోజు నిజంగానే అన్నాడు కాబోలు. ఆమె లేకపోతే టికెట్టు దొరకదు, టికెట్టు దొరక్కపోతే సినిమా చూసినట్టు ఎలా ఉంటుంది? రాగిణి పొయ్యి దగ్గరికి తిరిగి వచ్చి పప్పు కలుపుతూ ఏడుపు కోసం ఎదురుచూసింది. తొమ్మిదేళ్ళు కదా, రావాలి. రాలేదు. దానికి బదులు ఛాతీలో ఏదో వదులైంది. రోజంతా బిగించి వేసుకున్న జడ రాత్రి విప్పుకుంటే మాడు మీద తెలిసే హాయి అది. కాసేపటికి ఆమెకు నవ్వొచ్చింది. గట్టిగా నవ్వితే బయట వినిపిస్తుందని కొంగు అడ్డుపెట్టుకుంది.

మరునాడు నవీన్ సెంటు కొట్టుకుని వెళ్ళిపోయాడు. రాగిణి టీ పెట్టుకుని పిట్టగోడ దగ్గర కుర్చీ వేసుకుంది. టీ కాలుతుంటే కాలుతున్నప్పుడే తాగింది. అనూహ్య వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంటే పేలు చూసింది, లేవు. కింద గల్లీలో పుస్తకాల దుకాణం ముందు పిల్లలు ఏదో ఫలితాల గురించి కేకలు వేసుకుంటున్నారు. వెలుగు పోయి, వీధి దీపాలు వెలిగేదాకా ఆమె ఏమీ చేయలేదు. ఏడున్నరకు లేచి రొట్టెలు చేసింది. ఆనందం అంటే ఇంత చిన్నదా అనిపించి, ఇంత చిన్నదాని కోసమా ఇన్నేళ్ళు అడగడానికి భయపడ్డాను అని తన మీద జాలి కూడా పడింది.

అయితే ఆడదాని విశ్రాంతికి మొదటి శత్రువు దాన్ని చూసి కంగారుపడే సానుభూతిపరులే. రెండో శనివారం కింది వాటా ఆమె మెట్ల దగ్గర గొంతు తగ్గించి, "ఏమన్న లొల్లి అయిందా?" అని అడిగింది. మూడో శనివారం యశోదమ్మ కొడుకును నిలదీసింది. "పెండ్లాన్ని ఇంట్ల పడేసి దోస్తులతోని తిరుగుతవా? సిగ్గులేదురా? వాడకట్టంత ఏమనుకుంటున్నరు?"

నవీన్ తల దించుకున్నాడు. "అమ్మ అన్నది నిజమే" అన్నాడు రాగిణితో. "వచ్చే వారం సంది నాలుగు బుక్ చేస్త. ఎప్పటి లెక్కనే పోదాం." రాగిణి శనివారం వచ్చినంత తేలిగ్గానే పోతోంది. అదీ తన పక్షాన మాట్లాడుతున్న మనిషి చేతుల మీదుగా పోతోంది. ఆ రాత్రి అత్తగారి కాళ్ళకు నూనె రాస్తూ ఆమె చెప్పేసింది. చెప్పాలని అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"అత్తమ్మా, ఆయన్ని ఏమనకుండ్రి. నన్ను తీస్కపోకుంటే నాకు బాధ లేదు. నాకు హాయిగుంది. ఈ మూడు వారాలు ఎంత హాయిగుందో మీకు తెల్వదు."

యశోదమ్మ కాలు వెనక్కి తీసుకుంది. కోడలి ముఖంలోకి చూసింది.

"నిజం చెప్పాల్నా? నాకు గూడ హాయిగుంది. తొమ్మిదేండ్లు శనివారం శనివారం అయిదు గంటల రొట్టె రాత్రి తిన్న. అట్టముక్క లెక్క ఉంటుండె. పిల్ల మొగనితోని సంబురంగ పోతున్నది, ఎందుకు చెప్పాలె అని ఊకున్న. మొన్న వేడి రొట్టె తింటే పాణం లేచొచ్చింది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఎవరో చెప్పడం కష్టం. పక్క గదిలోంచి నవీన్, "ఏమైంది?" అని అరిచాడు. "నీకెందుకురా, నువ్వు పండుకో" అంది యశోదమ్మ.

ఎప్పటిలాగే పోదామన్న మాట అలా ఆగిపోయింది. యశోదమ్మకు మిగిలిన బెంగ ఒక్కటే, ఇక కథలు ఎవరు చెప్తారని. దానికి సుందరి ఉంది. లైను లేకపోయినా ఫోను నంబరుంది. జరిగింది చెప్తే ఆవిడ అవతల పగలబడి నవ్వింది. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య! పోన్లేవే, బోడి మల్లయ్యకి బాధ్యతలుండవు. శనివారం గానసభలో వీణ కచేరీ ఉంది. వస్తావా? సీట్లు పట్టక్కర్లేదు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుందాం."

వెళ్ళింది. పది వరసల వెనక, ఫ్యాను కింద కూర్చున్నారు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరో పెద్దాయన వచ్చి "ఎవరైనా ఉన్నారామ్మా?" అంటే "లేరు, కూర్చోండి" అంది రాగిణి. ఆ మాట అనడంలో ఇంత సుఖం ఉంటుందని ఆమె అనుకోలేదు. వీణ గురించి ఆమెకు ఏమీ తెలియదు. రాగం పేరు తెలియదు, తాళం తెలియదు. అయినా ఎవరి కోసమూ గుమ్మం వైపు చూడక్కర్లేకుండా వింటుంటే, ఒక తీగ సాగి సాగి ఎక్కడో ఆగినప్పుడు ఆమె కళ్ళు నిండాయి. ఆ నెలలోనే మరో రెండు కచేరీలకు వెళ్ళారు. ఆ సాయంత్రాలు యశోదమ్మ తనే ఉప్మా చేసి మనవరాలికి పెట్టి, తనూ వేడిగా తినేది. నవీన్ సినిమా నుంచి వచ్చి మూత తీసి చూసి, "ఇయ్యాల ఉప్మానా?" అనేవాడు. "ఉప్మానే" అనేది వాళ్ళమ్మ.

ఇష్టమా కాదా అని చూసుకోవడానికి ఇప్పుడు రాగిణికి టైం దొరికింది. తనకు సంగీతం ఇష్టం. సినిమా కూడా అప్పుడప్పుడు ఇష్టమే, మొదటినుంచి చివరిదాకా చూస్తే.

దసరా ముందు ఒక పెద్ద సినిమా వచ్చింది. ఊరంతా దాని మీదే ఉంది. శుక్రవారం సాయంత్రం నుంచి నవీన్ ఫోనులో సున్నా తిరుగుతూనే ఉంది, ఎంత పొడిచినా సీట్లు రాలేదు. వచ్చినప్పుడు అన్నీ ఎర్రవే. శనివారం మధ్యాహ్నం బ్యాంకు నుంచి అటే హాలుకు వెళ్ళాడు. రాగిణి ఆ రోజు సాయంత్రం ఐదున్నరకు గానసభకు బయల్దేరింది. ఫోను సంచిలో రెండుసార్లు మోగింది గాని రోడ్డు గోలలో ఆమెకు వినిపించలేదు. అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లికి ఆమె క్రాస్ రోడ్స్ మీదుగానే పోతుంది. హాలు ముందు జాతరలా ఉంది. మగవాళ్ళ లైను గేటు దాటి, ఇరానీ హోటల్ దాటి, మలుపు తిరిగింది. గేటు పక్కన గోడకు ఆనుకుని, చెమటలు కక్కుతూ నవీనూ అతని దోస్తులిద్దరూ.

ఆమెను చూడగానే నవీన్ ముఖం విప్పారింది. దేవత ప్రత్యక్షమైనా అంత సంతోషించి ఉండడు.

"అరె వచ్చినవా! ఫోన్ ఎత్తవేంది? నేను పరేషాన్ అయితున్న." జేబులోంచి నోట్లు తీసి ఆమె చేతికి అందించబోయాడు. "దా, జల్ది. నాలుగు తీస్కో. నువ్వు గూడ చూద్దువు గని. లేడీస్ లైన్ల ఇరవై మంది గూడ లేరు, చూడు."

దోస్తుల్లో ఒకడు, "వదినమ్మ వచ్చింది, ఇగ ఫికర్ లేదు" అని ఊపిరి పీల్చుకున్నాడు.

రాగిణి ఆడవాళ్ళ లైను వైపు చూసింది. నిజమే, ఇరవై మంది కూడా లేరు. చివర్లో ఒక కొత్త పెళ్ళికూతురు, మెడలో పసుపుతాడు పచ్చిగా, గాజులు పైకి తోసుకుంటూ నిలబడి ఉంది. వెనక్కి తిరిగి స్కూటర్ల స్టాండు వైపు చూస్తోంది. ఆ అమ్మాయిని చూసిన క్షణంలో రాగిణికి కోపం రావాల్సింది. రాలేదు. అరవాలని లేదు, దెప్పాలని లేదు, వీధిలో అతని పరువు తీయాలని లేదు. ఇంట్లో అతనికి అన్నం పెట్టదనీ కాదు, అతనితో కాపురం చేయదనీ కాదు. ఈ ఒక్క పని మాత్రం ఇక చేయదు. అంతే. అది తేల్చుకోవడానికి ఆమెకు రెప్పపాటు కూడా పట్టలేదు. తేల్చుకున్నాక ఒళ్ళంతా తేలికైంది. నోట్లు పట్టుకున్న అతని చేతిని మెల్లగా అతని వైపే జరిపింది.

"నాకు కచేరి ఉంది" అంది. "మీ లైను అగో, అటుంది."

నవీన్ ఆమె చూపించిన వైపు తిరిగి చూశాడు. ఇరానీ హోటల్ మలుపు దాకా తలలే తలలు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"మజాక్ చేస్తున్నవా? గా లైన్ల నిలవడితే ఎంతసేపు పడుతదో ఎరుకనా?"

"ఎరుకే," అంది రాగిణి. "నాకు తొమ్మిదేండ్లు పట్టింది."